విండోస్ 7లోనే ఉన్న రిపేర్ టూల్స్: ఏది నమ్మాలి, ఏది ఆఖర్న వాడాలి

పాత కంప్యూటర్ మొరాయించగానే చాలామంది ఏదో ఒక పీసీ ఫిక్సర్ డౌన్‌లోడ్ చేసుకుంటారు, లేదంటే నేరుగా ఫార్మాట్ కొట్టేస్తారు. రెండూ తొందరపాటే. విండోస్ 7తో పాటే వచ్చే టూల్స్ కొన్ని ఉన్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు, వాటిలో చాలావరకు విండోస్ 10లో కూడా అదే పేరుతో, అదే చోట ఉన్నాయి. ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న పాత మెషిన్లను బాగుచేస్తూ వీటిని ఏళ్ల తరబడి వాడుతున్నాను కాబట్టి ఒక్కోదాని గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. కంప్యూటర్‌ను చూసి ఏం జరిగిందో చెప్పే టూల్స్ చాలా బాగున్నాయి. ఒక్క క్లిక్‌తో సరిచేస్తామనే టూల్స్ అంత బాగాలేవు, కొన్నయితే తప్పు సమయంలో వాడితే ఉన్న డేటా కూడా పోతుంది. అందుకే ముందు చూడాలి, తర్వాత బ్యాకప్ తీయాలి, ఆ తర్వాతే రిపేర్ జోలికి వెళ్లాలి. ఈ వరస తప్పడం వల్లే డేటా పోయిన కేసులు నేను ఎక్కువగా చూశాను.

ఇంకా విండోస్ 7 ఎవరు వాడుతున్నారు అనకండి. ఎక్స్‌పీకి సపోర్ట్ 2014 ఏప్రిల్ 8న ఆగిపోయింది, విండోస్ 7కి 2020 జనవరి 14న, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న. అయినా కొత్త విండోస్‌కు డ్రైవర్ లేని స్కానర్ కోసమో, కంపెనీయే మూతపడిన అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోసమో ఒక పాత మెషిన్‌ను పెట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్లకు కంప్యూటర్ కొత్తది కొనమనే సలహా పనికిరాదు, ఉన్నదాన్ని జాగ్రత్తగా ఎలా నడపాలో చెప్పాలి.

ముందుగా ఈవెంట్ వ్యూయర్, అంటే కంప్యూటర్‌లో జరిగినవన్నీ విండోస్ రాసుకునే చిట్టాను చూపించే టూల్. నా దృష్టిలో మొత్తం పెట్టెలో అన్నిటికంటే విలువైనది ఇదే, కానీ చూడగానే భయపెట్టే రూపం దీనిది. తెరవగానే వందల కొద్దీ ఎర్ర గుర్తులు కనిపిస్తాయి, అవి చూసి కంగారు పడొద్దు, ఏ లోపం లేని కంప్యూటర్‌లో కూడా అవి ఉంటాయి. కంపెనీ నుంచి మాట్లాడుతున్నాం అని ఫోన్ చేసి మోసం చేసేవాళ్లు సరిగ్గా ఈ స్క్రీన్‌నే తెరిపించి, చూశారా ఎన్ని ఎర్రర్లో అని డబ్బులు గుంజుతారు. కాబట్టి అన్నీ చదవక్కర్లేదు, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ లాగ్ తెరిచి కొన్ని నంబర్ల కోసమే వెతకండి. సోర్స్ దగ్గర డిస్క్ అని ఉండి ఐడీ 7 కనిపిస్తే హార్డ్ డిస్క్‌లో బ్యాడ్ బ్లాక్ దొరికిందని అర్థం. ఐడీ 11 అయితే కంట్రోలర్ ఎర్రర్, అంటే డిస్కే కావచ్చు, కేబుల్ కావచ్చు, పోర్ట్ కావచ్చు. ఐడీ 52 అయితే తను త్వరలో పోతానని డిస్కే స్వయంగా చెప్పిందన్నమాట, అది చూశాక ఇంకో పని పెట్టుకోకుండా బ్యాకప్ తీయండి. సోర్స్ ఎన్‌టీఎఫ్ఎస్, ఐడీ 55 అయితే ఫైల్ సిస్టమ్ దెబ్బతింది.

కెర్నల్ పవర్ 41 గురించి మాత్రం ఒక మాట. నెట్‌లో దీన్నో పెద్ద జబ్బులా రాస్తారు, నిజానికి అది చెప్పేది ఒకటే, క్రితంసారి కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ అవకుండా ఆగిపోయింది అని. కరెంటు పోయినా అదే వస్తుంది, హ్యాంగ్ అయితే మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా అదే వస్తుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ అనే గడి చూడండి. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదు, కాబట్టి కరెంటు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై పెట్టె), వేడి, హ్యాంగ్ ఇలాంటి వైపు వెతకాలి. ఏదైనా నంబరు ఉంటే అది బ్లూ స్క్రీన్ కోడ్, డ్రైవర్, ర్యామ్ వైపు వెళ్లాలి.

ఈవెంట్ వ్యూయర్ చదవడం కష్టం అనిపిస్తే దాని పక్కనే రిలయబిలిటీ మానిటర్ ఉంది, స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని టైప్ చేస్తే వస్తుంది. విండోస్ 7కి ముందటి విస్టాతో వచ్చిన ఈ టూల్‌కు రావాల్సిన పేరు రాలేదని నాకు నిజంగా బాధ. రోజువారీ గీత ఒకటి గీసి, 1 నుంచి 10 దాకా స్కోరు ఇచ్చి, ఏ రోజు ఏ ప్రోగ్రామ్ క్రాష్ అయింది, ఏ రోజు ఏ డ్రైవర్ లేదా అప్‌డేట్ ఇన్‌స్టాల్ అయింది అన్నీ ఒకే చోట చూపిస్తుంది. "మొన్నటిదాకా బాగానే ఉంది, ఉన్నట్టుండి ఇలా అయింది" అని చెప్పేవాళ్ల మెషిన్‌లో ఇది తెరిస్తే, గీత కిందికి జారిన రోజున ఏం ఇన్‌స్టాల్ అయిందో అక్కడే కనిపిస్తుంది, మనిషి మర్చిపోయినా ఇది మర్చిపోదు. దీనికి పూర్తి మార్కులు.

ఇక హార్డ్ డిస్క్. ఇక్కడ విండోస్ చేతిలో ఉన్నది చాలా తక్కువ. డిస్క్ తన ఆరోగ్యం గురించి స్మార్ట్ అనే లెక్కలు తనలోనే రాసుకుంటూ ఉంటుంది, కానీ విండోస్ 7 వాటిని మనకు చూపించదు. డిస్కే తను పోబోతున్నానని ప్రకటించాక మాత్రం ఒక హెచ్చరిక పెట్టె చూపిస్తుంది, చాలా డిస్కులు ఆ ప్రకటన చేయకుండానే పోతాయి. అందుకే ఈ ఒక్క విషయంలో బయటి టూల్ తెచ్చుకోక తప్పదు, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఉచితం, చిన్నది, పాత విండోస్ మీద కూడా నడుస్తుంది. అందులో 5వ నంబరు రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197 పెండింగ్ సెక్టార్లు, 198 సరిదిద్దలేని సెక్టార్లు. ఈ మూడూ సున్నా ఉండాలి. దాంట్లో 5వ నంబరులో ఏదో చిన్న అంకె ఉండి నెలల తరబడి మారకపోతే డిస్క్‌ను కొన్నాళ్లు గమనిస్తూ వాడొచ్చు, 197 పెరుగుతూ ఉంటే మాత్రం ఆ డిస్క్ మీద ఆశ వదులుకోండి. లెక్కలు హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) చూపిస్తుంది, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

199 అని ఇంకోటి ఉంటుంది, సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే డేటా దారిలో చెడిపోయిన లెక్క. ఇది పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. సాటా కేబుల్ మార్చి చూడండి. ఈ లెక్క ఎప్పటికీ తగ్గదు, కాబట్టి కేబుల్ మార్చాక పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఒక కేబుల్ మార్చి సరిపెట్టాల్సిన చోట మొత్తం డిస్క్ మార్పించుకున్నవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఎక్స్‌పీ మెషిన్లలో దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ఐడీఈ (సాటాకు ముందటి కనెక్షన్) డిస్క్‌తో మాట్లాడుతున్నప్పుడు ఇలాంటి ఎర్రర్లు 6 పోగుపడితే విండోస్ డీఎంఏ అనే వేగమైన పద్ధతిని వదిలేసి పీఐఓ అనే పాత, చాలా నెమ్మదైన పద్ధతికి దిగిపోతుంది, తర్వాత తనంతట తాను పైకి రాదు. మెషిన్ పాతదైపోయింది, స్లో అయిపోయింది అనుకుంటాం, కారణం ఇది కావచ్చు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే మళ్లీ డీఎంఏ వస్తుంది, కేబుల్ బాగుంటే అక్కడే నిలబడుతుంది.

డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే చెక్ డిస్క్ గురించి గట్టిగానే చెప్పాలి. టూల్ మంచిదే, వాడే సమయం ముఖ్యం. కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ గందరగోళం అయితే చెక్ డిస్క్ చక్కగా పనిచేస్తుంది. కానీ డిస్క్ భౌతికంగా చచ్చిపోతున్నప్పుడు ఆర్ స్విచ్‌తో దాన్ని నడిపితే ప్రతి సెక్టార్‌నూ చదివించి, అసలే కొన ఊపిరితో ఉన్న డిస్క్‌ను గంటల తరబడి రుద్దుతుంది, పైగా చదవలేకపోయిన ఫోల్డర్ ఎంట్రీలను తెంపేసి ఫైళ్లను ముక్కలు ముక్కలుగా వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది. డిస్క్ చప్పుడు చేస్తోంది అని అడిగినవాళ్లకు వెంటనే చెక్ డిస్క్ కొట్టు అని సలహా ఇచ్చేవాళ్లు దయచేసి ఆపేయండి. 197 గడి చూడకుండా చెక్ డిస్క్ నడపొద్దు. డిస్క్ పోయేలా ఉంటే లినక్స్ లైవ్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే టూల్‌తో ఇంకో డిస్క్‌లోకి కాపీ తీయాలి, అది ముందు తేలిగ్గా చదవగలిగినదంతా తీసేసి, మొరాయించే భాగాల దగ్గరికి చివర్లో వస్తుంది.

ఇప్పుడు బ్యాకప్. కంట్రోల్ ప్యానెల్‌లోని బ్యాకప్ అండ్ రీస్టోర్ ఈ మొత్తం వ్యాసంలో నాకు అత్యంత ఇష్టమైనదీ, అత్యంత కోపం తెప్పించేదీ. ఇందులో నిజానికి రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి ఫైళ్ల బ్యాకప్, ఇంకోటి సిస్టమ్ ఇమేజ్, అంటే విండోస్‌తో సహా మొత్తానికి ఒకే కాపీ. ఈ రెంటికీ తేడా తెలియకుండా నెక్స్ట్ నెక్స్ట్ నొక్కేవాళ్లే ఎక్కువ, ఆ తేడాలోనే అసలు ప్రమాదం ఉంది.

ఫైళ్ల బ్యాకప్‌లో "విండోస్‌నే ఎంచుకోనివ్వండి" అనే ఆప్షన్ పెడితే అది లైబ్రరీలు, డెస్క్‌టాప్, యూజర్ ఫోల్డర్లు తీసుకుంటుంది. బాగుంది. మరి పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తన డేటాను సీ డ్రైవ్‌లో సొంత ఫోల్డర్ పెట్టుకుని అందులో దాచుకుంటే? అది రాదు. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల దాచుకుంటే? మీరే ఎంచుకున్నా ప్రోగ్రామ్‌కు చెందినవిగా నమోదైన ఫైళ్లను ఇది తీసుకోదు. ఫ్యాట్ అనే పాత ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్ మీది ఫైళ్లనూ తీసుకోదు. బ్యాకప్ విజయవంతం అని ఆకుపచ్చ టిక్ మాత్రం వచ్చేస్తుంది. ఏ డేటా కోసం ఆ మెషిన్‌ను ఉంచుకున్నారో అదే బ్యాకప్‌లో లేకుండా ఏళ్లు గడిచిపోతాయి.

దీనికి తోడు వర్చువల్ స్టోర్ అనే ఇంకో మడత. విస్టా నుంచి, అడ్మిన్ హక్కులు లేకుండా నడిచే పాత ప్రోగ్రామ్ ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయాలని చూస్తే, విండోస్ దాన్ని కాదనకుండా ఆ ఫైల్‌ను యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, లోకల్, వర్చువల్ స్టోర్ అనే చోటికి మళ్లిస్తుంది. ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. మీరు జాగ్రత్తపరులై ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఫోల్డర్‌ను పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే అందులో ఉండేది ఎప్పటిదో పాత కాపీ, తాజా లెక్కలు వర్చువల్ స్టోర్‌లో ఉండిపోతాయి. కాబట్టి ఏ పాత సాఫ్ట్‌వేర్ అయినా సరే, ఒక కొత్త ఎంట్రీ వేసి, ఆ తర్వాత ఏ ఫైల్ తేదీ మారిందో వెతికి, అది ఎక్కడుందో కాగితం మీద రాసుకోండి. ఇంత చిన్న పని ఎంత పెద్ద నష్టాన్ని ఆపుతుందో మాటల్లో చెప్పలేను.

సిస్టమ్ ఇమేజ్ అయితే ఇవేమీ పట్టించుకోకుండా పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) మొత్తాన్ని తీస్తుంది, అందుకే పాత మెషిన్‌కు నా ఓటు దీనికే. విండోస్ 7లో ఇది వీహెచ్‌డీ (ఒక డిస్క్ మొత్తాన్ని దాచుకునే ఫైల్) రూపంలో వస్తుంది, అది చాలా గొప్ప విషయం, ఎందుకంటే ఇంకో కంప్యూటర్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ వీహెచ్‌డీని అటాచ్ చేస్తే మామూలు డ్రైవ్‌లా తెరుచుకుంటుంది, కావాల్సిన ఫైళ్లు తీసుకోవచ్చు. కానీ మెలికలు చాలా ఉన్నాయి. రీస్టోర్ చేసే డిస్క్ పాతదాని కంటే చిన్నదైతే ఒప్పుకోదు, లోపల డేటా కాస్తే ఉన్నా సరే. పాత 500 జీబీ డిస్క్ ఇమేజ్‌ను 240 జీబీ ఎస్ఎస్‌డీ మీదకు దించాలని చూసేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. 2 టీబీ దాటిన పార్టిషన్‌ను వీహెచ్‌డీ మోయలేదు. పెన్ డ్రైవ్ మీద ఇమేజ్ పెట్టనివ్వదు. 4కే సెక్టార్లు చూపించే పెద్ద ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తగిలిస్తే 8078002ఏ అనే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది, ఆ ఎర్రర్ వాక్యం చదివితే అసలు కారణం ఎవరికీ అర్థం కాదు. హోమ్ ఎడిషన్లలో నెట్‌వర్క్ డ్రైవ్ మీదకు బ్యాకప్ తీసే ఆప్షనే ఇవ్వలేదు, ప్రొఫెషనల్, అల్టిమేట్ ఉన్నవాళ్లకే అది. ఆ నెట్‌వర్క్ ఇమేజ్ కూడా ఒక్కటే నిలుస్తుంది, కొత్తది పాతదాని మీద పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఏడిపించే ఎర్రర్ 80780119. డిస్క్‌లో చోటు చాలదు అంటుంది, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ చూస్తే ఖాళీగా ఉంటుంది. చోటు చాలనిది అక్కడ కాదు. విండోస్ 7 ఇన్‌స్టాల్ అయినప్పుడు 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి పెడుతుంది, 500 ఎంబీ లోపు ఉన్న పార్టిషన్‌లో షాడో కాపీ (బ్యాకప్ కోసం ఆ క్షణానికి తీసే నకలు) తీయాలంటే కనీసం 50 ఎంబీ ఖాళీ కావాలి. ఫైళ్లలో మార్పులు రాసుకునే యూఎస్ఎన్ జర్నల్ అనే లాగ్ పెరిగి ఆ ఖాళీని తినేస్తుంది. ఆ పార్టిషన్‌కు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తాత్కాలికంగా డ్రైవ్ అక్షరం ఇచ్చి, ఎఫ్ఎస్ యుటిల్ కమాండ్‌తో దాని మీది జర్నల్‌ను మాత్రమే డిలీట్ చేసి, అక్షరం తీసేస్తే బ్యాకప్ నడుస్తుంది. ఫార్మాట్ అక్కర్లేదు, కొత్త డ్రైవ్ అక్కర్లేదు.

ఇమేజ్ తీశాక అది చివర్లో అడుగుతుంది, సిస్టమ్ రిపేర్ డిస్క్ చేసుకుంటారా అని. చాలామంది వద్దంటారు. చేసుకోండి. 32 బిట్ విండోస్‌కు 32 బిట్ డిస్క్, 64 బిట్‌కు 64 బిట్, మారితే పనిచేయదు. చేశాక దాంతో ఒకసారి బూట్ చేసి, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోని ఇమేజ్ కనిపిస్తోందా లేదా చూసి, రీస్టోర్ నొక్కకుండా వెనక్కి వచ్చేయండి. ఇమేజ్ ఉన్న ఫోల్డర్ పేరు మార్చినా, ఇంకో ఫోల్డర్ లోపలికి జరిపినా రీస్టోర్ దాన్ని కనిపెట్టలేదు. బ్యాకప్ అయ్యాక డ్రైవ్‌ను పీకి పక్కన పెట్టండి, ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ వచ్చిన రోజున రెండూ కలిపే పోతాయి.

విండోస్ 10లో కూడా ఇదే టూల్, బ్రాకెట్‌లో విండోస్ 7 అన్న పేరుతో ఉంది, కానీ సిస్టమ్ ఇమేజ్‌ను ఇక అభివృద్ధి చేయబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే ప్రకటించింది. పనిచేస్తుంది, వాడొచ్చు, దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. పక్కన రోబోకాపీ అనే కాపీ కమాండ్ పెట్టుకోండి, అదీ విస్టా నుంచి విండోస్‌లోనే ఉంది, హోమ్ ఎడిషన్‌లో నెట్‌వర్క్ డ్రైవ్‌కు కాపీ చేయాలన్నా అదే దిక్కు. ఒక్క హెచ్చరిక, చదవలేని ఫైల్ తగిలితే రోబోకాపీ మామూలుగా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. హ్యాంగ్ అయిందనుకుని మూసేస్తారు. ఆర్, డబ్ల్యూ స్విచ్‌లు రెండూ 1 పెట్టి నడపండి. మిర్ స్విచ్ మాత్రం సోర్స్‌లో లేనివాటిని బ్యాకప్‌లో కూడా చెరిపేస్తుంది, అర్థం చేసుకోకుండా దాన్ని ముట్టుకోవద్దు.

నెట్‌వర్క్ ట్రబుల్‌షూటర్‌కు నా దగ్గర మార్కులు తక్కువే. అడాప్టర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తుంది, ఐపీ మళ్లీ అడుగుతుంది, అంతకుమించి దానికి తెలిసింది తక్కువ. ఆ పని మీరే చేసుకోవచ్చు, పైగా కమాండ్ ప్రాంప్ట్‌లో చేస్తే కారణం కూడా తెలుస్తుంది. ముందు ఐపీకాన్ఫిగ్ కొట్టి అడ్రస్ చూడండి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదు, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుంది, అంటే ఇంటర్నెట్ సంగతి తర్వాత, ముందు కేబుల్, వైఫై పాస్‌వర్డ్, డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) చూడాలి. అడ్రస్ బాగుంటే రౌటర్‌కు పింగ్ (జవాబు వస్తుందా అని చూసే కమాండ్), తర్వాత గూగుల్ సర్వర్ నంబరు 8.8.8.8కి పింగ్, తర్వాత ఏదైనా సైట్ పేరుకు పింగ్. అంకెలకు పింగ్ వెళ్లి పేరుకు వెళ్లకపోతే తప్పు డీఎన్ఎస్‌ది, అంటే సైట్ పేరును అంకెలుగా మార్చే ఏర్పాటుది. ఎక్కడ తెగిందో అక్కడే వెతకండి, అంతా ఒకేసారి మార్చేయకండి.

పసుపు త్రికోణం గుర్తు చూసి నెట్ లేదనుకోవడం కూడా తప్పే. విండోస్ 7 ఒక మైక్రోసాఫ్ట్ సర్వర్‌లోని చిన్న టెక్స్ట్ ఫైల్‌ను తెచ్చుకోగలిగితే నెట్ ఉందంటుంది, తెచ్చుకోలేకపోతే లేదంటుంది. ఫైర్‌వాల్ ఆ ఒక్క పరీక్షనే ఆపేసినా త్రికోణం వస్తుంది, నెట్ మాత్రం నడుస్తూ ఉంటుంది. యాంటీవైరస్ తీసేశాక నెట్ పోతే మాత్రం విన్‌సాక్ రీసెట్ కమాండ్ నిజంగా పనిచేస్తుంది, మిగిలిపోయిన దాని ముక్కలను తుడిచేస్తుంది. ఐపీ రీసెట్ కమాండ్ వాడేముందు స్టాటిక్ ఐపీ ఏదైనా పెట్టి ఉంటే రాసుకోండి, అది చెరిగిపోతుంది.

కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని రావు, వచ్చినా సర్టిఫికెట్ ఎర్రర్ అంటే నెట్‌వర్క్ సెట్టింగ్స్ వదిలేసి ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 సెల్ అయిపోతే, ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది, ఆ తేదీకి సర్టిఫికెట్లన్నీ చెల్లనివే. గడియారం బాగున్నా ఇబ్బంది ఉంటే, చాలా సైట్లు ఆధారపడిన ఒక పాత రూట్ సర్టిఫికెట్ 2021 సెప్టెంబర్ 30న ముగిసింది, అప్‌డేట్ కాని మెషిన్లు అప్పటినుంచి తడబడుతున్నాయి. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్లు తనే తెచ్చుకుంటుంది కాబట్టి విండోస్ 7 మీద దానికే నా ఓటు, 115 ఈఎస్ఆర్ వెర్షన్ దాకా నడుస్తుంది. క్రోమ్ అయితే 109 దగ్గర ఆగిపోయింది.

ఫైల్ షేరింగ్ సంగతి. విండోస్ మెషిన్లు ఫైళ్లు పంచుకునే భాష ఎస్ఎంబీ. ఎక్స్‌పీకి ఎస్ఎంబీ 1 తప్ప ఇంకోటి రాదు, విండోస్ 10ను 2017 చివరి వెర్షన్ నుంచి కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే అందులో ఎస్ఎంబీ 1 మామూలుగా ఉండదు, లేదా వాడకపోతే కొన్ని రోజుల్లో దానంతటదే పోతుంది. అందుకే ఇద్దరూ ఒకరికొకరు కనిపించరు, 80070035 అనే ఎర్రర్ వస్తుంది. ఫీచర్స్‌లోకి వెళ్లి ఎస్ఎంబీ 1 ఆన్ చేయమనే సలహా ఎక్కడ చూసినా దొరుకుతుంది. నేను ఇవ్వను. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ 1లోని లోపం గుండానే. ఎక్స్‌పీ నుంచి ఫైళ్లు కావాలంటే పెన్ డ్రైవ్ చాలు, రోజూ కావాలంటే ఆ మెషిన్‌ను ఇంటర్నెట్ నుంచి తెంపేసి ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపే ఇంకో పద్ధతి) పెట్టుకోండి. విండోస్ 7కి ఈ బాధ లేదు, అది ఎస్ఎంబీ 2.1 మాట్లాడుతుంది. అక్కడ సమస్య ఎక్కువగా పాస్‌వర్డ్ లేని షేర్లతో వస్తుంది, విండోస్ 11 కొత్త వెర్షన్లు వాటిని ఒప్పుకోవు, కాబట్టి పాత మెషిన్‌లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకరిని పెట్టి ఆ పేరుతో లాగిన్ అవ్వండి. ఇంకోటి, నెట్‌వర్క్ ఫోల్డర్‌లో కంప్యూటర్ పేరు కనిపించకపోయినంత మాత్రాన షేర్ పోయినట్టు కాదు, అడ్రస్ బార్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఐపీ నంబరు ఇస్తే చాలాసార్లు నేరుగా తెరుచుకుంటుంది.

వైఫై కనిపించడం లేదంటే పాత అడాప్టర్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూడగలదేమో, రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా పద్ధతి మాత్రమే పెట్టారేమో చూడండి. లాన్ కేబుల్ మీద గిగాబిట్ రావాల్సిన చోట 100 ఎంబీపీఎస్ వస్తుంటే కేబుల్‌లో ఏదో జత తెగింది, గిగాబిట్‌కు 8 తీగలూ కావాలి, 100కు 4 చాలు.

ర్యామ్‌ను పరీక్షించే మెమరీ డయాగ్నొస్టిక్ మంచి టూల్, వాడటం తేలిక. రీస్టార్ట్ అయి పరీక్షిస్తుంది, ఎఫ్1 నొక్కితే ఎక్స్‌టెండెడ్ పరీక్ష ఎంచుకోవచ్చు. ఇది తప్పు ఉందంటే నమ్మండి, లేదంటే పూర్తిగా నమ్మొద్దు, అనుమానం ఉంటే రాత్రంతా మెమ్‌టెస్ట్86 ప్లస్ నడపండి, 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి అది పాత బయోస్ (విండోస్ కంటే ముందు మెషిన్‌ను లేపే ప్రోగ్రామ్) మీదా, దాని స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ మీదా నడుస్తుంది. ఎర్రర్ వస్తే వెంటనే ర్యామ్ పారేయకండి, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి, స్లాట్ మార్చి చూడండి, కాంటాక్టులు శుభ్రం చేసి గట్టిగా కూర్చోబెడితే సరైపోయినవి ఎన్నో. ర్యామ్, డిస్క్ రెండూ బాగున్నాయని తేలాకే ఎస్ఎఫ్‌సీ, అంటే సిస్టమ్ ఫైళ్లను సరిచేసే కమాండ్, నడపాలి. ర్యామ్ పోయిన మెషిన్ మీద సిస్టమ్ ఫైళ్లను రిపేర్ చేయించడం అంటే తప్పుడు తూకంతో సరుకు తిరిగి తూయించినట్టే. ఎస్ఎఫ్‌సీ తర్వాత డిస్మ్ రీస్టోర్ హెల్త్ కొట్టమని రాసే చిట్కాలు విండోస్ 8 నుంచి పైవాళ్లకు, విండోస్ 7లో ఆ ఆప్షనే లేదు.

సిస్టమ్ రీస్టోర్ పాడైన డ్రైవర్‌ను వెనక్కి తీయడానికి బాగుంటుంది. అది బ్యాకప్ కాదు, రీస్టోర్ పాయింట్లు కూడా అదే డిస్క్ మీద ఉంటాయి.

డివైస్ మేనేజర్ గురించి ఫార్మాట్ తప్పనివాళ్ల కోసం రాస్తున్నాను. ఫార్మాట్ అయ్యాక నెట్‌వర్క్ డ్రైవర్ ఉండదు, డ్రైవర్ తెచ్చుకోవడానికి నెట్ ఉండదు. కాబట్టి ముందే సిస్టమ్32 లోపలి డ్రైవర్ స్టోర్‌లోని ఫైల్ రిపాజిటరీ ఫోల్డర్‌ను మొత్తంగా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు కాపీ చేసుకోండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న ప్రతిదానికీ ఆ ఫోల్డర్‌ను చూపిస్తే చాలావరకు అవే ఎక్కుతాయి. ఆన్‌లైన్‌లో దొరికే డ్రైవర్ అప్‌డేటర్లను ఈ పనికి వాడొద్దు. అయినా దొరకనిదానికి డీటెయిల్స్ ట్యాబ్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడండి, వెండర్ దగ్గర 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, ఆ కంపెనీ డ్రైవరే వెతకాలి.

ఇక స్టార్టప్ రిపేర్. బూట్ ఫైళ్లు చెడిపోతే సరిచేస్తుంది, దాని వరకు పర్వాలేదు. కానీ ఉన్నట్టుండి 7బీ అనే కోడ్‌తో బ్లూ స్క్రీన్ వచ్చి, స్టార్టప్ రిపేర్ ఎంత తిప్పినా సమస్యను సరిచేయలేకపోయాను అంటుంటే, ఫార్మాట్ కొట్టేముందు బయోస్‌లోకి వెళ్లండి. పైన చెప్పిన ఆ సీఆర్2032 సెల్ అయిపోయినప్పుడు గడియారమే కాదు, బయోస్ సెట్టింగ్స్ కూడా ఫ్యాక్టరీవి అయిపోతాయి, సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మారిపోవచ్చు, అప్పుడు విండోస్‌కు తన డిస్కే కనిపించదు. డిస్క్ బాగుంటుంది, విండోస్ బాగుంటుంది, డేటా అంతా ఉంటుంది. ఆ సెట్టింగ్ వెనక్కి మార్చి సేవ్ చేస్తే మెషిన్ మామూలుగా లేస్తుంది. దీన్ని ఏ టూల్ కూడా మీకు చెప్పదు. అందుకని ఇప్పుడు బాగా నడుస్తున్న పాత మెషిన్ మీ దగ్గర ఉంటే, బయోస్‌లోని ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుని, ఆ తర్వాతే సెల్ మార్చండి, సాటా మోడ్ ఉన్న పేజీ ఫోటో మాత్రం మర్చిపోకండి.